పిడియు, పీఠమును: చేతి ఆటయంత్రమును పట్టుకొనుట ఎట్లు?

చేత పట్టుకొని ఆడుకొను వీడియో ఆటయంత్రములు నేడు పెక్కు ఇండ్లలో కనిపించుచున్నవి. కొన్ని దుకాణములో కొన్నవి. కొన్ని విదేశములందున్న బంధువులు సెలవులకు వచ్చుచు పెట్టెలో పెట్టి తెచ్చినవి. యంత్రము ఇల్లు చేరిన కొలది దినములకే పిల్లలు మరియొక కోరిక కోరుదురు. దానికి తొడుగు గ్రిప్ కావలెననియు, దానిని నిలబెట్టు స్టాండు కావలెననియు అందురు. అంత వెల పెట్టి యంత్రమును కొన్న తరువాత ఈ ప్లాస్టిక్ ముక్క యేల యని పెద్దలు విసుగుకొనుట సహజమే. పెద్దల విసుగునందును కొంత న్యాయమున్నది. పిల్లల కోరికయందును కొంత న్యాయమున్నది. చేయి ఎట్లు పనిచేయునో, యంత్రము ఎట్లు నిర్మింపబడినదో కొంత తెలిసికొన్నచో, ఏది అవసరమో, ఏది వృథావ్యయమో ఎవరి ఇంట వారే నిర్ణయించుకొనవచ్చును.

పిడి, పీఠము అను రెండును మనకు క్రొత్త వస్తువులు కావు. నాగలికి మేడి ఉన్నది. కొడవలికి పిడి ఉన్నది. ఒకే కమ్మరి చేసిన రెండు కొడవళ్లలో కోతవారు ఒకదానిని ఏరి తీసికొందురనిన, అది పదునును బట్టి మాత్రమే కాదు, పిడి అరచేతిలో కుదిరిన తీరును బట్టియు. ఇక పీఠము మాట. పురాణము చెప్పువారు భారతమునో భాగవతమునో చేతులతో ఎత్తిపట్టుకొని గంటల తరబడి చదువరు. రెండు చెక్క రెక్కలు ఒకదానిలో నొకటి దూరి విచ్చుకొను వ్యాసపీఠముపై గ్రంథము నుంచి, చేతులకు తీరిక కల్పించుకొని చదువుదురు. ఆటయంత్రపు స్టాండు చిన్నపాటి వ్యాసపీఠమే. రేడియో గల ఇండ్లవారికి ఇంకొక పోలిక తోచవచ్చును. ట్రాన్సిస్టరు రేడియోకు పిడి ఉండెను గాని అది మోసికొని పోవుటకు మాత్రమే. చేరవలసిన చోటు చేరిన తరువాత రేడియో బల్లపై నుండును, వినువారి చేతులు తమ పని తాము చేసికొనుచుండును. ఆటయంత్రము చేతులను అట్లు విడిచిపెట్టదు. చిక్కంతయు అక్కడనే మొదలగుచున్నది.

మొదట నుండియు ఇట్లు లేదు. 1980లో జపానునందలి నింటెండో సంస్థ 'గేమ్ అండ్ వాచ్' అను చిన్న యంత్రములను విడుదల చేసెను. వాటిని రూపొందించినవాడు గున్‌పే యొకోయ్. అవి జేబులో ఇముడునంతటివి గనుక పట్టుకొనుటలో శ్రమ యను మాటయే లేకుండెను. 1989 ఏప్రిల్ 21న అదే సంస్థ జపానులో 'గేమ్ బాయ్'ని విడుదల చేసెను. బ్యాటరీలు లేకుండ దాని బరువు సుమారు 220 గ్రాములు. నాలుగు పెన్సిలు సెల్లులు వేసినచో మరికొంత పెరుగును. అదే సంవత్సరము అమెరికాలో అటారీ సంస్థ తెచ్చిన 'లింక్స్' యంత్రమును గూర్చి ఒక విశేషము చెప్పవలెను. దానిని తలక్రిందులు చేసి పట్టుకొనవచ్చును; తెరపై బొమ్మయు అట్లే తిరుగును. ఎడమచేతి వాటము గలవారిని తలచుకొని చేసిన ఏర్పాటది. ఆడువాని చేతిని గూర్చి అంత శ్రద్ధ చూపినవారు తరువాత కొలదిమందియే అని మా అభిప్రాయము.

తెరలు పెరిగెను; వాటితో బ్యాటరీలును, బరువును పెరిగెను. 2017 మార్చి 3న వెలువడిన నింటెండో 'స్విచ్' పొడవు 239 మిల్లీమీటర్లు, ఎత్తు 102, మందము 13.9. రెండు ప్రక్కల తగిలించు జాయ్‌కాన్‌లతో కలిపి దాని బరువు సుమారు 398 గ్రాములు. 2021లో వచ్చిన ఓలెడ్ తెర యంత్రము సుమారు 420 గ్రాములు. 2025 జూన్ 5న వచ్చిన 'స్విచ్ 2' సుమారు 534 గ్రాములు. అమెరికాలోని వాల్వ్ సంస్థ 2022లో విడుదల చేసిన 'స్టీమ్ డెక్' సుమారు 669 గ్రాములు. ఇది బ్యాటరీలు లేని గేమ్ బాయ్‌కి మూడింతలు.

అరకిలో బరువు ఎవరికి భారము అని అడుగవచ్చును. పచారీ దుకాణమునుండి అంతకు పదింతలు మోసికొని వచ్చువారమే గదా! కాని చిక్కు మోయుటలో లేదు. కదలకుండ పట్టుకొనుటలో ఉన్నది. నీరు నిండిన చెంబును చేయి చాచి పట్టుకొని నిలిచి చూడుడు. మొదట ఏమియు తోచదు. కొంతసేపటికి భుజము లాగును. మరికొంత సేపటికి చేయి వణకును. చెంబు బరువు మాత్రము పెరుగలేదు. కండరము బిగియుచు సడలుచు పనిచేయునపుడు దానిలోనికి రక్తము వచ్చి పోవుచుండును. ఎడతెగక బిగిసియే యున్నచో లోని సన్నని రక్తనాళములు అణగి రక్తప్రసారము తగ్గును, అలసట త్వరపడి వచ్చును. ఆటలో మునిగిన పిల్లవాని వ్రేళ్లు కదలుచున్నట్లు కనబడును గాని, యంత్రమును పట్టియున్న కండరములు కదలక బిగిసియే యుండును.

1956లో బ్రిటిషు శరీరశాస్త్రవేత్త జాన్ నేపియర్ మానవహస్తపు పట్టును రెండు విధములుగా విభజించి చూపెను. గొడ్డలిని పట్టుకొనునట్లు వ్రేళ్లను, అరచేతిని చుట్టి పట్టుకొనునది బలపు పట్టు. కలమును పట్టుకొనునట్లు బొటనవ్రేలికిని తక్కిన వ్రేళ్లకును నడుమ పట్టుకొనునది నేర్పు పట్టు. చేయి ఒక పనికి ఒక పట్టును ఎన్నుకొనుట స్వభావము. ఆటయంత్రము ఒకే చేతిని ఒకే సమయమున రెండు పట్టులును పట్టుమనుచున్నది. క్రింది వ్రేళ్లు అరకిలో బరువును గట్టిగా పట్టవలెను. బొటనవ్రేలు పువ్వును తాకినంత తేలికగా స్టిక్కును త్రిప్పవలెను. వ్రేళ్లను ముడుచు ప్రధాన కండరములు వ్రేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నవి. వాటి స్నాయువులు మణికట్టు మీదుగా వచ్చి వ్రేళ్లను లాగుచుండును. కావుననే చాలసేపు ఆడిన వారు వ్రేళ్లను గాక మణికట్టును, ముంజేతిని రాచుకొనుచుందురు.

యంత్రపు ఆకారము దీనికి తోడైనది. స్విచ్ బడిపిల్లల పలకవలె చదునైనది, పలుచనైనది. సంచిలో పెట్టుకొనుటకు అది మేలే. అరచేతికి మాత్రము అందులో నిండుదనము లేదు. అరచేయి సహజముగా గుంటగా ఉండును; చదునైన పలకను పట్టుకొన్నపుడు ఆ గుంట ఖాళీగా మిగిలి, బరువంతయు వ్రేళ్ల కణుపులపైనను, అంచు ఒత్తుకొను సన్నని గీతపైనను పడును. బరువు అదే అయినను ఆనుచోటు ఎంత తక్కువైనచో ఒత్తిడి అంత ఎక్కువగును. కావడి మోయువారు బద్ద క్రింద తుండుగుడ్డను మడిచి పెట్టుకొనుట ఈ సూత్రము తెలిసియే.

గ్రిప్ చేయు పని సరిగా ఆ తుండుగుడ్డ పనియే. యంత్రపు రెండు చివరలను లావుగా, గుండ్రముగా, క్రిందికి కొంచెము వంపుగా చేయును. అప్పుడు నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు వంపుచుట్టు కుదురుకొని బరువును తాము వహించును. అరచేతి గుంట నిండును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని యంత్రమును మోయవలసిన బాధ్యత తప్పును. మణికట్టు చిటికెనవ్రేలి వైపునకు వంగక కొంత నిటారుగా నిలుచును. మంచి గ్రిప్ చేయునది ఇంతియే. కాని ఇది స్వల్పము కాదు. ఒక లోపము మాత్రము మరువరాదు. గ్రిప్‌కును బరువుండును. చేతిపై పడు ఒత్తిడి తగ్గినను భుజము మోయు బరువు తగ్గదు, పెరుగును. యంత్రముతోపాటు విడి బ్యాటరీని కూడ లోపల ఇమిడించుకొన్న లావుపాటి గ్రిప్‌ల విషయమున ఇది బాగుగా తెలియును.

తయారీదారు చేతిని మరచినచో ఆడువారు తమ చేతినే వంచుకొందురు. దీనికి మేమెరిగిన గొప్ప ఉదాహరణము జపానుది. సోనీ సంస్థ 2004 డిసెంబరులో అక్కడ విడుదల చేసిన 'ప్లేస్టేషన్ పోర్టబుల్' యంత్రమునకు ఒక్కటే స్టిక్కు, అదియు ఎడమ ప్రక్కనే. 'మాన్‌స్టర్ హంటర్' అను వేట ఆటలో బొటనవ్రేలు ఆ స్టిక్కుతో వేటగానిని నడిపింపవలెను. అదే క్షణమున పైనున్న దిక్కుల బొత్తాములను నొక్కి చూపును త్రిప్పవలెను. ఒక బొటనవ్రేలు రెండు పనులు చేయలేదు. ఏమిచేసిరి? ఎడమచేతి చూపుడువ్రేలిని డేగగోరువలె ముడిచి యంత్రము మీదికి తెచ్చి, దానితో బొత్తాములను నొక్కిరి. ఈ పట్టుకు ఆ ఆట పేరే వచ్చెను. లక్షలమంది ఆ వంకరపట్టును అభ్యసించిరి. తరువాత నింటెండో '3డీఎస్' యంత్రమునకు ఆ వరుసలోని ఆట వచ్చునపుడు, 2011 డిసెంబరులో 'సర్కిల్ ప్యాడ్ ప్రో' అను తొడుగును కూడ ఆ సంస్థ అమ్మెను. అది కుడిప్రక్క రెండవ స్టిక్కును చేర్చుటయేగాక, యంత్రమును నిండుగా పట్టుకొనుటకు వీలగు పిడిని కూడ ఏర్పరచెను. తొడుగు చూచుటకు అందముగా లేదని పలువురు నవ్విరి. అందముకంటె చూపుడువ్రేలు ముఖ్యము గదా!

వంకరపట్టు ఫలితము కొందరికి నొప్పిగా పరిణమించును. బొటనవ్రేలి మొదట, మణికట్టు ప్రక్కన, స్నాయువులు పోవు తొడుగు వాచి బాధించు వ్యాధిని 1895లో స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ ద కెర్వాఁ వర్ణించెను. నేటికిని అది ఆయన పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. అప్పటికి ఆటయంత్రములు లేవు. ఒకే కదలికను పదేపదే చేయు ఎవరికైనను అది రావచ్చును; పసిబిడ్డలను మాటిమాటికి ఎత్తుకొను తల్లులలో కూడ కనిపించును. 1990లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ఒక వైద్యుని లేఖ ప్రకటింపబడెను. 35 సంవత్సరముల స్త్రీ ఒకామె విరామము లేకుండ అయిదు గంటలు నింటెండో ఆట ఆడి, బొటనవ్రేలి నొప్పితో ఆయనయొద్దకు వచ్చినదట. ఆ బాధకు ఆయన 'నింటెండినైటిస్' అని చమత్కారముగా పేరు పెట్టెను. ఆమె పిల్లకాదని గమనింపవలెను. మరియొక సంఘటన 2000 సంవత్సరమునాటిది. 'మారియో పార్టీ' అను ఆటలో స్టిక్కును వీలైనంత వేగముగా గుండ్రముగా త్రిప్పవలెను. పిల్లలు అరచేతితో రుద్ది త్రిప్పుటచే చర్మము లేచి పుండ్లు పడెను. న్యూయార్కు రాష్ట్ర ప్రభుత్వ న్యాయాధికారి జోక్యముతో, ఆ సంస్థ మెత్తని చేతితొడుగులను ఇంటికి నాలుగింటి వరకు ఇచ్చుటకు అంగీకరించెను. ఈ రెండును చేతియంత్రముల కథలు కావు, టీవీకి తగిలించి ఆడు యంత్రములవి. చేయి మాత్రము అదే చేయి.

ఇక పీఠము సంగతి. గ్రిప్ చేతికి మేలు చేయును గాని మెడకు చేయదు. తల బరువు పెద్దవారిలో నాలుగున్నర, అయిదు కిలోలుండును. అది వెన్నుపై నిటారుగా నిలిచినంతవరకు భారము తెలియదు. ఒడిలోని యంత్రమును చూచుటకు ముందుకు వంచినచో మెడ వెనుక కండరములు ఆ బరువునంతటిని లాగిపట్టవలెను. ఎంత వంగిన అంత భారము. చేతులు పైకెత్తి యంత్రమును కన్నులయెదుటికి తెచ్చుకొన్నచో మెడ బాగుండును గాని భుజములు పదినిమిషములు తాళవు. మోచేయి మడిచియే యుంచినచో దాని వెనుకగా పోవు నాడి ఒత్తిడికి లోనై చిటికెనవ్రేలు తిమ్మిరెక్కును. కనుక మెడకో భుజమునకో శిక్ష తప్పదు. యంత్రమును బల్లపై నిలబెట్టి చేతులను దానినుండి విడదీసినపుడు మాత్రమే రెండింటికిని విడుదల.

స్విచ్‌కు ఈ వీలు పుట్టుకతోనే ఉన్నది. జాయ్‌కాన్‌లను ఊడదీసి చేతికొకటి పట్టుకొని, చేతులను తొడలపై ఆనించి ఆడవచ్చును. కాని 2017నాటి యంత్రమునకు వెనుక ఇచ్చిన ఊతకాలు ఒక చివర అతికిన సన్నని రేకువంటిది. అది నిలుచు కోణము ఒక్కటే. వస్తువు పడిపోకుండుటకు దాని గరిమనాభినుండి దించిన నిట్టనిలువు గీత ఆధారపు హద్దులో పడవలెనని బడిలో చదివినదే. ఆ యంత్రపు ఆధారము ఇరుకు గనుక బల్ల కొంచెము కదలినను అది వెల్లకిల పడును. పైగా చార్జింగు తీగ తగిలించు రంధ్రము అడుగున ఉండుటచే, నిలబెట్టి ఆడుచు చార్జి చేయుటకు వీలు లేకపోయెను. విడి స్టాండు కొనుటకు ఆ యంత్రము గలవారికి ఇది తగిన కారణమే. తీగ పోవుటకు క్రింద ఖాళీ ఉన్న స్టాండు ఈ రెండు లోపములను ఒక్కసారిగా తీర్చును. 2021నాటి ఓలెడ్ యంత్రమునకు వెనుక భాగమంత వెడల్పైన, కోణము మార్చుకొనదగిన ఊతకాలు ఇచ్చిరి. 'స్విచ్ 2'కు ఊతకాలితోపాటు పైఅంచున రెండవ చార్జింగు రంధ్రము కూడ ఉన్నది. ఆ యంత్రము గలవారు విడి స్టాండుపై డబ్బు పెట్టుట మాకు అంతగా నచ్చదు. 2019లో వచ్చిన 'స్విచ్ లైట్'కు ఊతకాలును లేదు, జాయ్‌కాన్‌లు ఊడిరావు. దానికిని, స్టీమ్ డెక్‌కును స్టాండు కొన్నచో విడిగా ఒక కంట్రోలరు కూడ ఉండవలెను. లేనిచో పీఠముపై నున్న యంత్రమును వంగి పట్టుకొని ఆడవలసి వచ్చును. అది మునుపటి భంగిమకంటె కష్టము.

పీఠము ఎక్కడ పెట్టుదురన్నదియు ముఖ్యమే. చాపపైనో మంచముపైనో పెట్టిన స్టాండు మెడను ఇంకను క్రిందికి లాగును. భోజనపు బల్లపై నాలుగు లావుపాటి పుస్తకములు పేర్చి వాటిపై పెట్టినచో తెర కన్నులకు చేరువ ఎత్తునకు వచ్చును. ఇందుకు ఖర్చు లేదు.

ఆటయంత్రము లేని ఇండ్లవారు ఇది తమకు సంబంధింపదని అనుకొనరాదు. తెలుగునాట పిల్లలు ఎక్కువగా ఆడునది ఫోనుపైననే. ఫోను ఇంకను పలుచన, ఇంకను జారుడు. తుపాకి ఆటలు ఆడువారు రెండు చూపుడువ్రేళ్లను తెరపైకి ముడిచి తెచ్చుకొని ఆడుట ఎవరైనను చూడవచ్చును. జపాను వేటగాండ్ర డేగగోరే ఇది. ఫోనును బిగించి రెండు ప్రక్కల పిడులు ఇచ్చు తొడుగులకు పైన చెప్పిన మాటలన్నియు వర్తించును.

కొనువారు గమనింపదగినవి కొన్ని కలవు. అన్నిటికంటె ముందు కొలత. 2017నాటి స్విచ్ పొడవు 239 మిల్లీమీటర్లు, ఓలెడ్ యంత్రము 242. ఈ మూడు మిల్లీమీటర్ల తేడాకే బిరుసైన గ్రిప్ ఎక్కక పోవచ్చును. 'స్విచ్ 2' 272 మిల్లీమీటర్లు గనుక పాతవాటి గ్రిప్ దానికి ఏమాత్రము పనికిరాదు. ఇంట ఏ యంత్రమున్నదో పేరు వ్రాసికొని పోయి కొనవలెను. రెండవది గాలి. స్విచ్‌లోను, స్టీమ్ డెక్‌లోను చల్లని గాలి వెనుకనుండి లోనికి పోయి, వేడిగాలి పైనుండి వెలికి వచ్చును. ఈ దారులను మూయు గ్రిప్ ఎంత మెత్తనిదైనను వలదు. మన వేసవులలో అసలే వలదు. చేయి చిన్నదైన పిల్లలకు పెద్దవారి గ్రిప్ కొనుట మరియొక పొరపాటు. లావుపాటి వంపు చుట్టు వ్రేళ్లు చేరవు, బొటనవ్రేలు బొత్తామును అందుకొనుటకు సాగవలసి వచ్చును. వీలైనచో కొనకముందు పిల్లవాని చేతిలో పెట్టి, అరచేయి నిండినదా, వ్రేలు సాగకుండ బొత్తాములన్నియు అందుచున్నవా చూడవలెను.

వ్రేళ్లలో బలము తగ్గినవారికి, ఒక చేయి మాత్రమే ఆడువారికి గ్రిప్ విలాసవస్తువు కాదు. వారికి అదియే ఆటకు ద్వారము. రెండు జాయ్‌కాన్‌లను ఒక చేతితో నడుపుకొనుటకు వీలగు కూర్పులను త్రీడీ ముద్రణయంత్రముపై ఎవరైనను చేసికొనునట్లు రూపొందించి, నమూనాలను ఉచితముగా పంచిపెట్టినవారు కలరు. ఇట్టివారి ఇంట వెల చూచి వెనుదీయవద్దని మా మనవి.

తక్కిన ఇండ్లలో మేము భయపడునది మరియొకటి. గ్రిప్ తొడిగిన తరువాత నొప్పి ఆలస్యముగా తెలియును. తెలియదు గనుక ఆట సాగును. ముందు గంటకే చేయి లాగి యంత్రమును క్రింద పెట్టు పిల్లవాడు ఇప్పుడు మూడు గంటలు కదలడు. అలసట యను కాపలాదారుని నిద్రబుచ్చి ఇల్లు భద్రమనుకొన్నట్లు! నింటెండో సంస్థ తన యంత్రములతో ఇచ్చు సూచనలలోనే, అవసరము తోచకున్నను గంటకొకసారి పది, పదునైదు నిమిషములు ఆట ఆపవలెననియు, చేతులుగాని కన్నులుగాని అలసినచో కొన్ని గంటలు విశ్రాంతి తీసికొనవలెననియు వ్రాసియున్నది. ఆ కాగితమును పెట్టెలోనే ఉంచి పెట్టెను అటకపై పడవేయుట మన అలవాటు. బొటనవ్రేలి మొదట నొప్పి రెండు మూడు దినములు విడువకున్నను, రాత్రివేళ చిటికెనవ్రేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చుచున్నను, క్రొత్త గ్రిప్ పార్సెలు కొరకు ఎదురుచూడక వైద్యుని చూడవలెను. ఆ దినములలో యంత్రము బీరువాలో ఉండుట మంచిది. పరీక్షలో కలము పట్టవలసినదియు ఆ బొటనవ్రేలే.